ఏటవాలు గీత

"ఇంతేనా?" అంది మా ఆడపడుచు, కారు దిగకుండానే.

ఎదురుగా తొమ్మిది వందల మీటర్ల గ్రానైట్ గోడ నిలువునా లేచి ఉంది. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. చూసినవాళ్ళలో కొందరు నోరు తెరుస్తారు, కొందరికి కళ్ళ నీళ్ళు తిరుగుతాయట, ఎక్కువమంది ఫోన్లు తీస్తారు. అద్దం సగం దించి "ఇంతేనా?" అన్న మొదటి మనిషి మాత్రం మా వదినే అయి ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు చెప్పి, అందులో చివరి పదకొండేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. కొండకి కూడా పదికి అయిదు మించి వెయ్యదు.

"ఫోటోల్లో ఇంకా పెద్దగా కనపడిందిరా," అంది మా ఆయనతో.

"దగ్గరికెళ్తే పెద్దగానే ఉంటుందక్కా," అన్నాడాయన, ఆ గోడ కట్టించింది తనే అయినట్టు.

వెనక సీట్లో నా పక్కన మా అమ్మాయి పళ్ళు నూరుతోంది. పదిహేడేళ్ళ ఎనిమిది నెలలు. చిన్నప్పుడు బీరువాలెక్కి కూర్చునేది కాబట్టి ఇంట్లో దాని పేరు ఉడత. ఆ ఉడత రేపు పొద్దున ఈ గోడ ఎక్కాలి. తన కోచ్‌తో కలిసి, రెండు రోజులు. పార్కు వాళ్ళు లాటరీ తీసి ఇచ్చే తేదీ అది. తప్పితే మళ్ళీ వచ్చే ఏడే. పద్దెనిమిది నిండనివాళ్ళయితే ఇంట్లో పెద్దల సంతకం ఉన్న కాగితం ముందురోజు సాయంత్రం అయిదు లోపల పార్కు ఆఫీసులో అందాలి. ఇప్పుడు పన్నెండున్నర అయింది. కాగితం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. దాని మీద సంతకం లేదు.

మా ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. చీకటి గోతుల్లోకి టార్చి వేసి, ఇనుప తాళ్ళు వేళ్ళతో తడిమి, "జనం ఎక్కవచ్చు" అని నెలకి వంద కాగితాల మీద సంతకం పెడతాడు. ఈ ఒక్క కాగితం దగ్గరికొచ్చేసరికి పెన్ను మూత కూడా తియ్యలేదు. "అక్క ఒకసారి చూసి చెప్పనీ," అన్నాడు. మా ఇంట్లో ఇల్లు మారడం, ఫ్రిజ్ కొనడం, ఉడతకి జుట్టు పొట్టిగా కత్తిరించడం, అన్నీ అక్క చూసి చెప్పాకే జరిగాయి. కొన్ని అక్క చూసి చెప్పాక జరగలేదు.

నాకూ వదినకీ మధ్య ఉన్నదాన్ని గొడవ అనలేను. గొడవైతే ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. పెళ్ళయిన కొత్తలో నేను ఆవిడకి ఒక ఉత్తరం రాశాను, అందరూ క్షేమం అంటూ, నాలుగు తియ్యటి మాటలతో. వారం తిరక్కుండా అదే ఉత్తరం నాకు తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో దిద్ది. చివర "భావం ఫరవాలేదు. వాక్యనిర్మాణం బలహీనం" అని. నేను బి.ఏ. ఫస్టు క్లాసులో పాసైన మనిషిని. అది జరిగి పంతొమ్మిదేళ్ళయింది. మళ్ళీ ఆవిడకి ఒక్క వాక్యం కూడా రాయలేదు. నోటితో అనేవాటిని మాత్రం జాగ్రత్తగా నిర్మించుకుంటున్నాను.

ఒక విషయం ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత దాచానని అనకండి. ఆ కాగితం అడుగున "తల్లి/తండ్రి సంతకం" అని ఉంది. రెండు మాటల మధ్య చిన్న ఏటవాలు గీత. మా ఇంట్లో ఆ గీత ఎవరికీ కనపడదు. ఒకటో తరగతి ప్రోగ్రెస్ కార్డు నుంచీ ఆ మాట ఎక్కడ కనపడినా ఉడత తిన్నగా వాళ్ళ నాన్న దగ్గరికే పట్టుకుపోయేది. ఆయనా పెట్టేవాడు. నేను మాత్రం చూశాను. కాగితం ఇంటికొచ్చిన రోజే, స్టవ్ పక్కన నిలబడి, రెండుసార్లు చదివి, మడిచి, ఆయన బల్ల మీద పెట్టాను. ఈ గోడ వీడియోలు నేనూ చూశాను. వద్దనాలని ఉంది, వద్దన్న తల్లిని అనిపించుకోవాలని లేదు. ఆ పనికి ఇంట్లో వేరే మనిషి ఉందిగా.

పచ్చికలో బల్లి మా కోసం కాచుకుని ఉంది. బల్లి అంటే ఉడత కోచ్. ముప్పై ఆరేళ్ళ మనిషి, వేళ్ళ నిండా టేపు, ఒంట్లో ఎక్కడా అక్కరకి మించిన కండ లేదు. ఆ పేరు శిష్యులు పెట్టారు, ఆవిడ సంతోషంగా పెట్టుకుంది. పక్కన స్టాండు మీద టెలిస్కోపు బిగించి ఉంది.

"రండి, చూడండి," అంది బల్లి. "నల్లటి చార కనపడుతోందా? దాని ఎడమ పక్కన ఎర్ర సంచీ. సంచీ పైన మనిషి."

వదిన కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"ఎవరమ్మా ఇతను, మంచం మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు?"

"గోడకి వేలాడేసుకునే మంచం అండీ. రేపు రాత్రి మేమూ అలాగే పడుకుంటాం."

"ఒంటిగంటకి పళ్ళు తోముకుంటున్నాడు!"

"నిన్న ఆలస్యంగా ఆగి ఉంటారండీ."

"క్రమశిక్షణ లేదు." వదిన కన్ను తీసింది. "సరే. మరి దొడ్డికో?"

మా ఆయన దగ్గాడు. పక్కన ఫోటోలు తీసుకుంటున్న జంట కాస్త దూరం జరిగింది. బల్లి మాత్రం తొణకలేదు.

"డబ్బా ఉంటుందండీ. మూత బిగించి మాతోనే కిందికి తెస్తాం. పైనుంచి ఏదీ పడెయ్యకూడదు, పార్కు రూలు."

"విన్నావా తమ్ముడూ? తిన్న కంచం సింకు దాకా తియ్యని పిల్ల, ఇక్కడ రెండ్రోజులు డబ్బా మోసుకు తిరుగుతుందట."

"అత్తా," అంది ఉడత, "నువ్వు గోడ చూడ్డానికొచ్చావా, డబ్బా చూడ్డానికొచ్చావా?"

"నిన్ను చూడ్డానికొచ్చానే. గోడకేం, ఎక్కడికీ పోదు."

"నేనూ ఎక్కడికీ పోను! ఎక్కుతాను, దిగుతాను!"

"ఎక్కడం సంగతి మీ మేడమ్ చెప్పింది. దిగడం ఎన్ని రకాలో నేనడుగుతున్నాను."

బల్లి తన సంచీలోంచి గుప్పెడంత పరికరం ఒకటి తీసి చూపించింది. తాడు ఇందులోంచి పోతుందట, పైమనిషి జారితే తాడు విసురుకి ఇది దానంతటదే కరుచుకుని ఆపేస్తుందట. మీట నొక్కితేనే తాడు వదులుతుందట. మా ఆయన దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పాడు. లిఫ్టుల్లోనూ ఇలాంటిదే ఉంటుందని ఆయన మొహంలో కాస్త వెలుగు వచ్చింది గానీ, అక్క చూస్తోందని ఆర్పేసుకున్నాడు.

"ఎవరు పట్టుకున్నా ఆపుతుందా?" అంది వదిన.

"ఎవరు పట్టుకున్నా ఆపుతుందండీ. కావాలంటే మీరే ఎక్కి చూడండి. గోడ కింద ప్రాక్టీసు బండ ఉంది, ఇరవై అయిదు అడుగులే. పదేళ్ళ పిల్లలు ఎక్కేస్తారు."

ఆ చివరి వాక్యం వదిన దగ్గర అనవలసింది కాదు. ఆవిడకి అరవై ఒకటి. రోజూ అయిదు కిలోమీటర్లు నడుస్తుంది, నడవని వాళ్ళ గురించి ఆరో కిలోమీటరు మాట్లాడుతుంది.

"అక్కా, మోకాళ్ళు..." అన్నాడు మా ఆయన.

"మోకాళ్ళు మీ బావవిరా. నావి బాగానే ఉన్నాయి." ఆవిడ అప్పటికే నడవడం మొదలుపెట్టింది. "ఎవరు పట్టుకున్నా ఆపుతుందంటోందిగా. అయితే నువ్వూ పట్టుకోవద్దు, నీ కూతురూ పట్టుకోవద్దు. మీకు నా మాట కావాలి, ఎలాగూ జాగ్రత్తగా పట్టుకుంటారు. మా మరదలు పట్టుకోవాలి. అదీ అసలైన పరీక్ష."

"నేనా?" అన్నాను.

"ఏం, పడేస్తావేమోనని భయమా?"

"మీరు పడతారేమోనని, వదినా."

"తేడా ఏముంది?"

ప్రాక్టీసు బండ దగ్గరికి చెట్ల మధ్యనుంచి పావుగంట నడక. అక్కడికి చేరాక తల ఎత్తితే గోడ చివర కనపడలేదు. దూరం నుంచి నున్నగా ఇస్త్రీ చేసినట్టున్న రాయి, దగ్గర్నుంచి చూస్తే గరుకుగా, కల్లుప్పు చల్లి ఆరబెట్టినట్టు పలుకులు పలుకులుగా ఉంది. పైనుంచి నీళ్ళు కారిన చోటల్లా నల్లటి చారలు. ఎండ ఉన్నా దాని నీడలో చలిగా ఉంది. ఈ రాతికి మనమంటే ఇష్టం లేదు అనిపించింది నాకు. ఇష్టం లేనివాళ్ళ మధ్య ఎలా మసలాలో నాకు తెలుసు కాబట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వదిన నడుముకి పట్టీలు బిగించారు, తలకి హెల్మెట్ పెట్టారు. నా నడుముకీ పట్టీలు బిగించి, ఆవిడ తాడు బండ కొసనున్న కొక్కెంలోంచి తిరిగి నా దగ్గరికి వచ్చేచోట పరికరం తగిలించారు. నా వెనక తాడు కొస పట్టుకుని బల్లి నిలబడింది, నా మీద నమ్మకం లేక కాదు, రూలు కాబట్టి అని రెండుసార్లు చెప్పింది.

"మూడే మాటలండీ," అంది బల్లి. "'పట్టు' అంటే తాడు బిగించాలి. 'వదులు' అంటే కాస్త తాడు ఇవ్వాలి. 'దించు' అంటే దించాలి."

హెల్మెట్ పట్టీ పెట్టుకుంటున్న వదిన చెయ్యి ఆగింది.

"రెండోది మళ్ళీ చెప్పు."

"వదులు."

"విశేషణమా, క్రియా?"

బల్లి నా వంక చూసింది. నేను చెట్ల వంక చూశాను.

"తాడు వదులుగా ఉండాలి అంటే అది విశేషణం. తాడు వదులు అంటే క్రియ. వదిలెయ్యమని ఆజ్ఞ. పైనున్నవాడు ఒకటి అనుకుని అరుస్తాడు, కిందున్నవాడు ఇంకొకటి అనుకుని చేస్తాడు. మనిషి ప్రాణం తీసుకెళ్ళి ఇలాంటి మాటకి తగిలిస్తారా ఎవరైనా?"

"పదేళ్ళుగా ఇదే అంటున్నామండీ. అందరికీ అలవాటే."

"అలవాటైతే తప్పు ఒప్పవుతుందా? అలా అయితే నా స్కూల్లో ఒక్కడూ ఫెయిలయ్యేవాడు కాదు."

"అత్తా, ఎక్కుతావా, క్లాసు చెప్తావా?" అంది ఉడత.

వదిన ఎక్కింది. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి, బాగా ఎక్కింది. పదిహేను అడుగుల దాకా బ్లాక్‌బోర్డు మీద పై వరస తుడుస్తున్నంత తీరిగ్గా వెళ్ళింది. నేను తాడు లాగుతూ వచ్చాను, అక్కరకి మించే బిగించాను. సగం భయం వల్ల. మిగతా సగం, ఆవిడ అక్కడ గాల్లో కట్టేసినట్టు ఉంటే చూడడానికి బాగుందని. పట్టీలు తొడల్లో దిగి ఉంటాయి.

"మరదలా!" అని కేక వచ్చింది పైనుంచి. "వదులు!"

పంతొమ్మిదేళ్ళుగా ఆ గొంతు వినపడగానే కదిలిన చేతులు నావి. బుర్ర అందుకునేలోపల మీట నొక్కేశాయి. ఎంత తాడు ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు, నేను ఉదారంగా ఇచ్చాను. సరిగ్గా అప్పుడే వదిన కుడికాలు మార్చబోయి జారింది.

అయిదడుగులు పడింది. బల్లి కొస లాగింది, పరికరం టక్కున కరుచుకుంది, నేను ముందుకి ఈడ్చుకుపోయి బండకి భుజం ఆనించాను. పైన వదిన గడియారం లోలకంలా రెండుసార్లు ఊగి, మోకాలు రాతికి కొట్టుకుని, ఆగింది. హెల్మెట్ కిందనుంచి, వెనక బెంచీ దాకా వినపడే క్లాసు గొంతుతో ఆవిడే అంది:

"క్రియగా తీసుకుంది."

"విశేషణంగానే తీసుకున్నాను వదినా," అన్నాను. "కాస్త ఎక్కువైంది."

కావాలని చేశావా అని మా ఆయన ఆ తర్వాత చాలాసార్లు అడిగాడు. లేదు. కావాలని చేసి ఉంటే ఇన్నేళ్ళకి ఒక పని శుభ్రంగా చేశానన్న తృప్తి అయినా మిగిలేది.

కిందికి దించాక వదిన మోకాలి మీద రక్తం చిన్న చిన్న చుక్కలుగా లేచింది. మా ఆయన చేతిరుమాలు తీస్తే "నీ మొహం తుడుచుకో, చెమటలు" అంది. ఉడత మాత్రం గంతులేస్తోంది.

"చూశావా అత్తా! అమ్మ పట్టుకున్నా ఆపింది! నువ్వే అన్నావు అది అసలైన పరీక్ష అని!"

"పరికరం పాసైంది," అంది వదిన పట్టీలు విప్పుతూ. "భాష ఫెయిలైంది. ఇక్కడ అయిదడుగులు కాబట్టి మోకాలు. అక్కడ పైన అయితే?"

"ఏమవదు అత్తా. పోయిన నెల నాకూ ఇలాగే అయింది, ఆరడుగులు పడ్డాను, ఏమైందేం..."

సగంలో నోరు మూసుకుంది గానీ ఆలస్యమైపోయింది.

"పోయిన నెలా?" అన్నాను. "భుజం కమిలి నల్లగా అయితే బస్సులో రాడ్డు తగిలిందన్నావు. వారం రోజులు నేను కాపడం పెట్టాను ఆ రాడ్డుకి."

ఉడత బూటు ముందు భాగంతో నేలని పొడుస్తోంది.

"తాడు పట్టింది కొత్తమ్మాయండీ," అంది బల్లి నెమ్మదిగా. "ఉడత 'వదులు' అంటే, ఆ పిల్ల వదిలేసింది. పైనున్న ఇంకో తాడు ఆపింది. మీకు నేను చెప్పి ఉండాల్సింది."

"ఎవరూ పొరబడలేదన్నావు," అంది వదిన.

"అందరికీ అలవాటే అన్నానండీ."

"వాక్యం బాగా కట్టావు. ఆ కాగితం ఇలా ఇవ్వండి, అనుమతి లేదు అని రాసి పడేస్తాను."

నేను బ్యాగు తెరిచి కాగితం ఇచ్చాను. నిజం చెప్పాలంటే అప్పటికి నా ప్రాణం కాస్త కుదుటపడింది. ఆవిడ వద్దంటుంది, ఈయన తల ఊపుతాడు, ఉడత నెల రోజులు అత్తని తిట్టుకుంటుంది. నేను రాత్రి దాని పక్కన కూర్చుని, "ఏం చేస్తాం, మీ అత్త సంగతి తెలిసిందేగా" అంటాను. ఆ మాట అనడంలో నాకు మంచి అనుభవం ఉంది.

వదిన కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పై నుంచి కింది దాకా, ముందు వైపు, వెనక వైపు. తర్వాత మళ్ళీ ముందు వైపు అడుగున ఆగింది. గోరు ఒక చోట ఆనించింది.

"ఇదేమిటి?"

"ఏదక్కా?" అన్నాడు మా ఆయన.

"తల్లి, ఏటవాలు గీత, తండ్రి. ఈ గీతకి అర్థమేమిటిరా?"

"తల్లీ, తండ్రీ..."

"కాదు. ఏటవాలు గీతకి అర్థం 'లేదా'. తల్లి లేదా తండ్రి. ఎవరో ఒకరు చాలు." కళ్ళజోడు పైనుంచి నా వంక చూసింది. "నువ్వు బి.ఏ. చదివావు. కిరాణా చీటీ కూడా రెండుసార్లు చదివే మనిషివి. ఇది నీకు కనపడలేదా?"

నేను బ్యాగు జిప్పు మూసి, మళ్ళీ తీశాను.

"అమ్మా?" అంది ఉడత. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"కాగితం వచ్చిన రోజు నుంచి."

అది నన్ను చూసిన చూపు గురించి రాయను. అప్పటిదాకా ఆ చూపు వాళ్ళ అత్త ఆస్తి.

"రెండు వారాలు," అంది. "రెండు వారాలు నాన్న చుట్టూ తిరిగాను. అత్తకి ఫోన్ చేసి బతిమాలాను. నాలుగు గంటలు కార్లో కూర్చుని ఈవిడ పాఠాలు విన్నాను. నువ్వేమో నా తల నిమిరి, నా చేతుల్లో ఏముందమ్మా అన్నావు. వద్దనాలంటే వద్దని చావొచ్చుగా!"

"వద్దనడానికి నేనున్నానుగా," అంది వదిన. గొంతు పెంచలేదు, అందుకే అందరం విన్నాం. "ఈ ఇంట్లో వద్దనే ఉద్యోగం నాది. జీతం లేదు, రిటైర్మెంటూ లేదు. డాన్సు క్లాసు వద్దంది ఎవరు? అత్త. పిల్లి వద్దంది ఎవరు? అత్త. ఆ పిల్లి సంగతి నన్నెవరూ అడగను కూడా లేదే! నాకు పిల్లులంటే ఇష్టం!"

పిల్లి సంగతి నిజమే. పిల్లి వద్దనుకున్నది నేను. అత్త ఒప్పుకోదని చెప్పింది నేను. అప్పుడు ఉడతకి ఎనిమిదేళ్ళు.

మా ఆయన లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయినవాడిలా నిలబడ్డాడు. ఎవరో వచ్చి తలుపు తియ్యాలి.

"ఇప్పుడు చెప్పు," అంది ఉడత నాతో. "నాలుగవుతోంది. అవునా, కాదా? నువ్వు చెప్పు. నాన్న కాదు, ఈవిడ కాదు."

"కాదంటే?"

"ఇంకో నాలుగు నెలల్లో నాకు పద్దెనిమిది. నీ సంతకం అక్కర్లేదు. నువ్వూ అక్కర్లేదు."

ఆ బెదిరింపుకి లొంగలేదు నేను. పదిహేడేళ్ళుగా నన్ను అదే బెదిరిస్తోంది, పాలు తాగనని మొదలుపెట్టి. బల్లి వైపు తిరిగాను. "దీన్ని ఎక్కించండి. ఇక్కడే, ఇప్పుడే. మీరు తాడు పట్టండి. ఆ మాట మాత్రం నాకు వినపడకూడదు. వేరే మాట చూసుకోండి."

"'సడలించు' అందామా?" అంది బల్లి.

"'సడలించు', 'దించు'," అంది వదిన ఎటో చూస్తూ. "గాలికి మొదటి సగం ఎగిరిపోతే రెండింట్లోనూ మిగిలేది 'ఇంచు'. ఇంచుమించు చచ్చినట్టే."

"అయితే ఏమనమంటారండీ?"

"నన్నెందుకు అడగడం? నా పని వద్దనడం."

"'తాడు' అంటాను," అంది ఉడత విసురుగా. "తాడు కావాలంటే తాడు. దీనికి వ్యాకరణం లేదుగా?"

వదిన ఆ మాటని నోట్లోనే రెండుసార్లు తిప్పి చూసింది. తప్పు దొరకలేదు.

ఉడత రాయి ఎక్కడం నేను అంతకు ముందు చూడలేదు. ఊళ్ళో రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు బిగించిన హాల్లో ఒకసారి చూశాను, అదీ తలుపు దగ్గర్నుంచి. ఇంట్లో అది తలుపులు విసిరికొడుతుంది, మెట్లు రెండేసి దూకుతుంది, కూర్చుంటే కుర్చీ ఏడుస్తుంది. ఇక్కడ ఒక్కొక్క కాలూ సూదిలో దారం ఎక్కించినట్టు పెట్టింది. పట్టు దొరక్కపోతే కంగారు పడలేదు, నిలబడి ఊపిరి తీసుకుంది, ఎడం చేతిని సుద్దపొడి సంచీలో ముంచింది, మళ్ళీ వెతికింది. నా మీద అంత కోపంతో ఉన్న పిల్ల, కోపాన్ని కింద వదిలేసి ఎక్కింది. నాకు చేతకాని పని. "తాడు" అంది రెండుసార్లు. రెండుసార్లూ బల్లి మూరెడు ఇచ్చింది. పైకి చేరి, "దించు" అంది. దిగింది. దిగగానే కోపం మళ్ళీ తొడుక్కుంది.

"పదండి ఆఫీసుకి," అన్నాను.

"ఏమని?" అన్నాడు మా ఆయన.

"పదండి."

పార్కు ఆఫీసులో చెక్క కౌంటరు, గోడ మీద వాతావరణం రాసిన బోర్డు, కౌంటరు వెనక ముద్ర పట్టుకుని గుమాస్తా. అయిదుకి పన్నెండు నిమిషాలు తక్కువ. కాగితం వెనక వైపు చిన్న అక్షరాల్లో, ఏం జరిగినా పార్కుకి పూచీ లేదన్న సంగతి నాలుగు రకాలుగా రాసి ఉంది. నాలుగూ చదివాను. ఉడత కౌంటరు మీద వేళ్ళతో దరువు వేస్తోంది.

"తండ్రిగారు?" అంటూ గుమాస్తా పెన్ను మా ఆయన వైపు తోశాడు. అలవాటుగా ఆయన చెయ్యి ముందుకి వచ్చింది. దానికంటే ముందు నా చెయ్యి వెళ్ళింది.

"నేను పెడతాను."

"ఎవరైనా ఒకటే మేడమ్. గీత ఉందిగా."

పెట్టాను. ఇంటిపేరుతో సహా, పూర్తిగా.

"నన్నొక మాట అడగలేదు," అన్నాడు మా ఆయన నా చెవి దగ్గర.

"అడిగితే ఏమనేవారు?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "అక్కని అడిగేవాణ్ణి."

ముద్ర పడింది. ఉడత తన కాపీ లాక్కుని, నా సంతకం సరిగ్గా ఉందో లేదో వెలుతురుకి ఎత్తి చూసింది. థాంక్స్ చెప్తుందని నేను అనుకోలేదు, అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను. "బల్లి మేడమ్ దగ్గర సామాను సర్దాలి," అని ఎవరితోనో అన్నట్టు అని వెళ్ళిపోయింది.

బయట మెట్ల మీద వదిన మోకాలు చాపుకుని కూర్చుని ఉంది.

"పెట్టావా?"

"పెట్టాను."

"అయితే విను. ఏమైనా జరిగితే నా దగ్గరికొచ్చి ఏడవకు. నేను వద్దన్నాను. ఇన్నేళ్ళలో ఈ ఒక్కటీ నేను నిజంగా నాకై నేను వద్దన్నాను, ఇదొక్కటే మీరు వినలేదు."

"ఏడవను వదినా."

"చూస్తాను." లేవడానికి మా ఆయన చెయ్యి అందుకుంది. నా చెయ్యి కూడా చాచాను. దాన్ని చూసింది, చూసి కూడా పట్టుకోలేదు. ఆ రాత్రి మేం దిగిన కాటేజీలో, భోజనం దగ్గర, నీళ్ళ జగ్గు కావాలంటే ఎవరికి వాళ్ళం లేచి తెచ్చుకున్నాం.

పొద్దున ఏడింటికి గోడ కింద మేం ముగ్గురం ఉన్నాం. వదిన రానంది, తర్వాత వచ్చింది, వచ్చి మాకు దూరంగా ఒక రాతి మీద కూర్చుంది. బల్లి సంచులు తాడుకి తగిలిస్తోంది. ఉడత నడుము పట్టీలు బిగించుకుని, ముడి వేసుకుని, ఆ ముడిని బల్లికి చూపించి, బల్లి ముడిని తను చూసింది. ఇద్దరూ ఒకరికొకరు తల ఊపుకున్నారు. నేను దగ్గరికి వెళ్ళాను. ఏదైనా అనాలని ఉంది. ఏం అన్నా వాళ్ళ లెక్క తప్పిపోతుందేమోనని ఊరుకున్నాను.

ఉడత రాతి మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరక్కుండానే అంది:

"అక్కడ నిలబడకు. రాళ్ళు పడతాయి."

రెండడుగులు వెనక్కి జరిగాను.

"ఇంకా."

ఇంకా జరిగాను.

"అమ్మా, ఇంకా! చెట్ల దాకా వెళ్ళు. మాటిమాటికీ నీ వంక చూస్తూ ఎక్కలేను."

చెట్ల దాకా వెళ్ళాను. అది కుడికాలు పెట్టింది, ఎడంకాలు పెట్టింది. బల్లి చేతుల్లోంచి తాడు పైకి పోవడం మొదలైంది.